పందుంపుల్ల – పండ్ల బ్రష్షు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మన కవులు దంతములను మొల్లమొగ్గలతోను, దానిమ్మగింజలతోను పోల్చిరి. ఆ పోలికలన్నియు ముందుపండ్లకు చెందినవే. అన్నమును నమలి కడుపునకు పంపెడి దవడపండ్లను పొగడిన కవి అరుదు. కవుల మాట యటుండనిండు, ఇంటివారును అంతే. ముందుపన్ను రవ్వంత విరిగినచో అద్దము ముందు నిలిచి చింతిల్లెడి మనుష్యుడే, లోపలి దవడపన్ను సగము పుచ్చిపోయినను రెండవవైపు నమలుచు ఏండ్లు గడుపును. రెండవవైపు పన్నును పుచ్చినప్పుడు మాత్రమే వైద్యుడు జ్ఞప్తికి వచ్చును.

పండ్లు తిండికే కాదు, మాటకును మూలము. త థ ద ధ న అను నైదక్షరములకు వైయాకరణులు దంత్యములని పేరిడిరి. నాలుక కొన పండ్లను తాకినగాని ఆ యక్షరములు సరిగా పలుకవు. తెలుగున దంత్య చకార జకారములు ప్రత్యేకముగా గలవు. చాప, జొన్న అను మాటలను పలికి చూచినచో ఎవరికైనను తెలియును. పురాణము చదువు పెద్దకు ముందుపండ్లు నాలుగు పోయినచో, పద్యమున యతి నిలిచినను నోట అక్షరము నిలువదు. కావున గ్రంథాలయ సభలో దంతముల ప్రసంగమేమి యని యెవరును ఆక్షేపింప నక్కరలేదు.

ఊళ్లలో ఈ విషయమై రెండు పక్షములు కలవు. వేపపుల్లతో తోముకొన్న తాతలు డెబ్బదియేండ్లకును చెరకుగడ చీల్చి తినిరి, ఈ బ్రష్షులు పేస్టులు వచ్చిన పిదపనే పండ్లు పుచ్చుచున్నవని పెద్దల వాదము. ప్రకటనలో చూపిన పేస్టు కొని నురుగు వచ్చునట్లు తోమినచో ఇక భయము లేదని పిల్లల వాదము. రెండింటను సగము నిజము కలదు. మిగిలిన సగమే చిక్కు తెచ్చుచున్నది.

ముందు పెద్దల వాదము చూతము. సుశ్రుత సంహితయందు దంతధావనమునకు పుల్ల ఎట్లుండవలెనో స్పష్టముగా చెప్పబడినది. పండ్రెండంగుళముల పొడవు, చిటికెనవ్రేలి లావు, పచ్చిదై, వంకర లేనిదై, కణుపులు పుండ్లు లేనిదై యుండవలెను. చేదు పుల్లలలో వేప, వగరు పుల్లలలో చండ్ర, తీపి పుల్లలలో ఇప్ప, కారపు పుల్లలలో కానుగ శ్రేష్ఠములు. అన్నిటికంటె గమనింపదగిన నియమము మరొకటి కలదు. చిగుళ్లకు నొప్పి కలుగకుండ తోమవలెనని శాస్త్రము శాసించినది. పంటిమీద గట్టిపడు గారకు దంతశర్కర యని పేరిడి, దానిని తొలగించుటకు దంతశంకువను పనిముట్టునుగూడ సుశ్రుతుడు తన శస్త్రముల పట్టికలో చేర్చెను. నేడు దంతవైద్యుడు గార తీయుదునన్నచో ఇదేదో పరదేశపు వింతయని జంకెడివారు ఈ సంగతి తెలిసికొనవలెను.

పచ్చి వేపపుల్లను ఓపికతో నమలి, కుచ్చు చేసి, ఒక్కొక్క పంటిని తుడిచి, తుదకు పుల్లను నిలువున చీల్చి నాలుక గీచుకొనుట మంచి యలవాటే. నిందింప బనిలేదు. అయితే పుల్లకుచ్చు ముందుపండ్ల వెలుపలి ముఖమునకు అందినంత సులువుగా దవడపండ్ల లోపలి ముఖమునకు అందదు. అదియుగాక, మనలో ఎందరు శాస్త్రోక్తమైన పుల్ల వాడిరి? కచ్చిక, బొగ్గుపొడి, ఇటుకపొడి, కొన్నిచోట్ల ఏటి యిసుక, వీనితో వ్రేలు పెట్టి రుద్దినవారే పెక్కుమంది. పంటిపై తెల్లని పింగాణివంటి పొర మానవ శరీరమున మిక్కిలి కఠినమైన పదార్థము. కాని అందు జీవకణములు లేవు. చర్మము తెగినచో మరల కూడును, ఎముక విరిగినచో అతుకును, ఆ పొర అరిగినచో మరల పెరుగదు. ఇటుకపొడితో తోమిన పండ్లు తొలుత తెల్లగా తోచి, పిదప పచ్చబడి, చల్లనినీరు త్రాగినంతనే జివ్వుమనుటకు కారణమిదియే.

మరి తాతల పండ్లు ఎట్లు నిలిచెను? అందరివియు నిలువలేదు. నిలిచినవారిని మనము చూచితిమి, పోయినవారు బోసినోళ్లతో మూల కూర్చుండిరి. నిలిచినవారికి మేలు చేసినది పుల్లయొక్కటే కాదు, వారి తిండి. జొన్నసంకటి, పప్పు, పచ్చడి, మజ్జిగ రెండుపూటలు. బెల్లపు పరమాన్నము పండుగనాడు. వేసవిలో తిరువూరు తోపుల మామిడిపండ్లు. నడుమ నోటికి విశ్రాంతి. నేడు తెల్లవారగనే పంచదార టీ, బడికి పోవుచు బిళ్లలు, విరామమున బిస్కట్లు, సాయంకాలము మరల టీ, రాత్రి టెలివిజన్ ముందు మరియేదో. నోటికి తీరిక లేదు.

ఈ తీరిక మాటను విడమరచి చెప్పవలెను, ఏలనన అసలు మర్మము అందే యున్నది. లెక్కలు వ్రాయువారికిది సులభముగా బోధపడును. పంటికిని ఒక జమాఖర్చు కలదు. నోటిలోని సూక్ష్మజీవులు మనము తిన్న తీపిని తాము తిని ఆమ్లమును పుట్టించును. ఆ యామ్లము పంటిలోని సున్నపు సత్తువను కరగించును. ఇది ఖర్చు. కొంతసేపటికి లాలాజలము ఆమ్లమును విరిచి, కరగిన సత్తువను మరల పంటికి చేర్చును. ఇది జమ. అమెరికాలో స్టీఫన్ అను శాస్త్రజ్ఞుడు 1940 దశకమున దీనిని కొలిచి చూపెను. తీపి నోటబడిన కొన్ని నిమిషములకే పంటిపాచి పులిసిపోవును, తిరిగి కుదుటపడుటకు అరగంట, ఒక్కొక్కప్పుడు గంటయు పట్టును. రోజుకు మూడుసార్లు తిన్నవానికి ఖర్చు మూడుమార్లు, తక్కిన కాలమంతయు జమ. పదిసార్లు చప్పరించినవానికి జమ వ్రాయుటకు వేళ యెక్కడ? ఎంత పంచదార తింటి మనుటకంటె ఎన్నిసార్లు తింటి మనుట ముఖ్యము.

స్వీడను దేశమున విపెహోల్మ్ అను మానసిక చికిత్సాలయమున 1945 మొదలు కొన్ని సంవత్సరములు జరిగిన పరీక్షయు ఇదే తేల్చినది. భోజనముతో తిన్న తీపికంటె భోజనముల నడుమ పండ్లకంటుకొను మిఠాయి తిన్నవారికి పండ్లు పెక్కురెట్లు పుచ్చినవి. తమకేమి పెట్టుచున్నారో తెలియని రోగులకు పండ్లు పుచ్చునట్లు మిఠాయిలు తినిపించుట ధర్మమా యని లోకము పిమ్మట ప్రశ్నించెను. ప్రశ్నింపదగినదే. ఫలితము మాత్రము నిలిచినది.

పంటిలో పురుగు కలదను నమ్మకమొకటి మనలో పాతుకొనియున్నది. నేలములక గింజల పొగ నోటికి పట్టించి, నీటిగిన్నెలో తెల్లని పురుగులను చూపి డబ్బు తీసికొనువారు సంతలలో తిరుగుచుండెడివారు. ఆ తెల్లనివి గింజల మొలకముక్కలు మాత్రమే. ఈ నమ్మకము మన దేశమునకే పరిమితము కాదు, లోకమంతటను ఉండెడిది. 1728లో ఫ్రెంచి దంతవైద్యుడు ఫోషార్ తాను వెదకినను పురుగు కనబడలేదని గ్రంథమున వ్రాసెను. అంతకు ముందే, 1683లో, హాలండున లేవన్‌హుక్ అను బట్టల వర్తకుడు చిత్రమైన పని చేసెను. ఆయన గొప్ప చదువరి కాడు, అద్దములను తానే సానబట్టి సూక్ష్మదర్శినులు చేసికొన్నవాడు. ప్రతిదినము ఉప్పుతో పండ్లు తోముకొను అలవాటు గలవాడు. అయినను పండ్ల సందున మిగిలిన తెల్లని పాచిని తీసి నీట కలిపి చూడగా, అందు లెక్కకు మించిన ప్రాణులు కదలాడుచుండెను. ఉప్పుతో తోమినవాని నోటనే యన్ని! కంటికి కనబడు పురుగు అబద్ధము, కనబడనివి నిజము.

ఇక తల్లిదండ్రులు చెవియొగ్గి వినవలసిన సంగతి. మన గ్రంథాలయపు తలుపులు తెరచిన యేట ఆరేండ్లున్న పిల్లవానికి నేటికి 31 ఏండ్లు. ఆ యేటనే వాని నోట కడపటి పాలపన్నునకు వెనుక, పైన రెండు, క్రింద రెండు దవడపండ్లు మొలచియుండును. ఏ పన్నును ఊడకుండ, ఎవరికిని చెప్పకుండ అవి వచ్చును. ముందుపన్ను ఊడినప్పుడు ఇంటికప్పుమీద వేసి వేడుక చేసెడి తల్లి వీనిని గమనింపదు. గమనించినను పాలపండ్లే యనుకొనును. పుచ్చినచో, పోనిండు, పాలపన్నే గదా, మరల రాదా యనును. అది మరల రాదు. ఆ నాలుగును జీవితకాలమునకు వచ్చిన పండ్లు. నములుటయందు పెద్దభారము వానిదే, తక్కిన పండ్ల వరుసకు ఆధారము వానిదే. ఆ పిల్లవాడు పదేండ్లకే వానిలో ఒకటి పెరికించుకొన్నవాడైనచో, ప్రక్కపన్ను ఆ ఖాళీలోనికి ఒరిగి, పైపన్ను క్రిందికి దిగి, నేడు వాని నోరు లెక్కతప్పిన చిట్టావలె నుండును.

ఈ దవడపండ్ల పైభాగమున లోతైన గాళ్లుండును, అన్నమునలిక అందు చిక్కును. పన్ను మొలచిన కొంతకాలమునకే దంతవైద్యుడు ఆ గాళ్లను ఒక మందుతో పూడ్చివేయ గలడు. నొప్పి లేని పని. పిల్లవానికి ఆరేండ్లు నిండగనే దీపపు వెలుగున నోరు తెరిపించి, ఒక్కొక్కవైపు వెనుకనుండి లెక్కించి చూచుట ప్రతి తల్లియు చేయగలదు. పాలపండ్లనుగూడ నిర్లక్ష్యము చేయరాదు, రాబోవు పండ్లకు అవి చోటు కాపాడుచుండును. చక్కెర కలిపిన పాలసీసాను నోటనిడి పసిబిడ్డను నిద్రపుచ్చుట పైముందుపండ్లను తినివేయును.

మామిడితోపుల ఊరగుటచే ఇక్కడ చెప్పవలసినది మరొకటి. కొమ్మమీదినుండి పడి పిల్లవాని శాశ్వతదంతము వేరుతోగూడ ఊడినచో, దానిని తెల్లని భాగమున పట్టుకొనవలెను, వేరును ముట్టరాదు, తోమరాదు. మురికియున్నచో చల్లని నీట ఒక్కసారి కడిగి, వీలైన యెడల ఆ గుంటలోనే నిలిపి, వీలుకానిచో చిన్న గిన్నెడు పాలలో వేసి, గంట లోపలనే దంతవైద్యుని చేరవలెను. అది తిరిగి నాటుకొనవచ్చును. విజయవాడలో ప్రభుత్వ దంతవైద్య కళాశాల, ఆసుపత్రి కలవు. అంతదూరము పోవునంతవరకు ఆగక, ముందు దగ్గరి వైద్యుని చూచుట మేలు. చట్టము ప్రకారము దంతవైద్యుడు పేరు నమోదు చేసికొనియుండవలెను. అడిగి తెలిసికొనుట తప్పుకాదు.

పేస్టు విషయమున పిల్లల వాదమును తేల్చవలసియున్నది. నురుగు శుభ్రపరచునది కాదు. పేస్టులో మేలుచేయునది ఫ్లోరైడు. పంటి జమాఖర్చులో జమవైపు తోడ్పడి, కరగిన సత్తువ మరల గట్టిగా కూడునట్లు చేయును. ఈ ఫ్లోరైడు కథ వింతయైనది, మన తెలుగునాటికి చేదైనది.

అమెరికాలో కొలరాడో ప్రాంతమున మెకే యను దంతవైద్యుడు 1901లో వృత్తి ప్రారంభించి, అచటివారి పండ్లపై గోధుమరంగు మచ్చలను చూచెను. పండ్లు చూచుటకు వికారము, కాని పుచ్చుట తక్కువ. కారణము నీటిలోని ఫ్లోరైడని తేలుటకు 1931 వరకు పట్టెను. ఆ నీటి సంగతి తెలిసిన ఆరేండ్లకు, 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో అదే ఫ్లోరైడు అధికమై, పండ్లను మచ్చపరచుటయే గాక, వెన్నెముకలను, కీళ్లను బిగియజేసి మనుష్యులను వంచివేయుచున్నదని వైద్యులు ప్రకటించిరి. నల్లగొండ సీమలో ఎన్ని యిండ్లు ఈ నీటివలన కుంగిపోయెనో తెలుగువారెరుగుదురు. పటిక, సున్నము కలిపి నీటిలోని ఫ్లోరైడు తగ్గించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పరిశోధనాలయమువారు 1970 దశకమున రూపొందించినప్పుడు దానికి నల్లగొండ పేరే పెట్టిరి. ఒక ఊరి వ్యథ వైద్యమునకు పేరయ్యెను.

కావున ఒకటే వస్తువు కొలతలో ఔషధము, కొలత మీరినచో విషము. త్రాగునీట లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండుట మేలు, వేరు నీరు లేనిచో 1.5 వరకు మాత్రమే సహింతురు. మన దేశమున పేస్టులో పదిలక్షల పాళ్లకు 1000 పాళ్లకు మించి ఫ్లోరైడు ఉండరాదని నిబంధన. మూడేండ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేండ్ల వరకు బఠాణీగింజంత పేస్టు చాలును. ప్రకటనలలో బ్రష్షు పొడవునను పరచిన పేస్టు అమ్మకమునకే గాని పంటికి కాదు. పిల్లలు దానిని మ్రింగకుండ చూడవలెను. బోరునీరు త్రాగువారు ఆ నీటిని పరీక్ష చేయించిన పిదపనే పిల్లల పేస్టు విషయము వైద్యునితో నిర్ణయించుకొనుట మంచిది.

బ్రష్షు మొదట పందివెండ్రుకలతో చేయబడెడిది. ఆ కారణమున ఆచారవంతులు దానిని ముట్టలేదు, వారిని తప్పుపట్టరాదు. 1938లో నైలాను పోగుల బ్రష్షు వచ్చుటతో ఆ యాక్షేపణ తీరెను. మెత్తని పోగులది, తల చిన్నది కొనవలెను. గట్టి బ్రష్షు గట్టిగా శుభ్రపరచుననుట భ్రమ, అది చిగుళ్లను దిగజార్చి వేళ్లను బయటపెట్టును. చిగురును పన్నును కలియుచోట బ్రష్షును ఏటవాలుగా ఆనించి, రంపమువలె లాగక, చిన్న చిన్న చుట్లుగా రెండు నిమిషములు త్రిప్పవలెను. ఉమ్మివేసిన పిదప పుక్కిటి నిండ నీరు పోసి పలుమార్లు కడిగినచో ఫ్లోరైడంతయు పోవును, ఒకసారి ఉమ్మిన చాలును. పోగులు విచ్చుకొన్న బ్రష్షును, లేదా మూడునెలలు వాడినదానిని పారవేయవలెను. ఇంటిల్లిపాదికి ఒక్క బ్రష్షు కూడదని వేరుగ చెప్పవలెనా? చెప్పవలసియే యున్నది, కొన్ని యిండ్లలో.

ఉదయము తోముట మనకు ఆచారము. కాని రాత్రి తోముట ముఖ్యము. నిద్రలో లాలాజలము మిక్కిలి తగ్గును, అనగా జమ వ్రాయు గుమాస్తా సెలవులో నుండును. అప్పుడు పండ్లమధ్య మిగిలిన తీపి తెల్లవారువరకు పని చేయును. రెండుసార్లకు తీరికలేనివారు ఉదయపు తోముడునైనను తగ్గింతురు గాక, రాత్రిది మానరాదు. పండ్లసందులకు దారము, సన్నని సందు బ్రష్షులు దొరకుచున్నవి. చీపురుపుల్ల, గుండుసూది, అగ్గిపుల్ల ఆ పనికి కావు.

చిగుళ్ల మాట. 1965లో డెన్మార్కున లో అను ఆచార్యుడు ఆరోగ్యముగానున్న పండ్రెండుగురిచేత పండ్లు తోముట మాన్పించెను. రెండుమూడు వారములలో అందరి చిగుళ్లును వాచి నెత్తురోడెను. మరల తోముట ప్రారంభింపగా వారము పదిదినములలో కుదుటపడెను. చిగుళ్లనుండి నెత్తురు వచ్చుచున్నదని తోముట మానెడివారు మందును మాని రోగమును పెంచుకొనువారే. గార తీయించినచో పండ్లు కదలునను భయముకూడ ఇట్టిదే. కదలుట గార క్రింద ఎముక కరగినందువలన. గార అంతవరకు ఆ సంగతిని కప్పిపుచ్చును. చక్కెరవ్యాధి గలవారికి చిగుళ్లు త్వరగా చెడును, చెడిన చిగుళ్లు చక్కెరను అదుపు తప్పించును. వారు రెండింటిని కలిపి చూపించుకొనవలెను.

పొగాకు గురించి దాపరికము లేక చెప్పవలెను. చుట్ట నిప్పును నోటిలోపల నిడి పీల్చు అడ్డపొగ మన తీరప్రాంతపు స్త్రీలలో హెచ్చుగా ఉండెడిది. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి వైద్యులు 1971లో ప్రకటించిన వ్యాసమున, అంగిటిమీద ఆ నిప్పు చేయు కీడు వర్ణింపబడినది. పొగాకు కలిపిన పండ్లపొడిని 1992లో ప్రభుత్వము నిషేధించినది. అయినను పంటినొప్పికి పొగాకు అదుముకొనెడివారు ఇంకను కలరు. నొప్పి కాసేపు మొద్దుబారును, చెంపలోపలి తెల్లమచ్చ నిలిచిపోవును. మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ రెండువారములు దాటినచో వైద్యునికి చూపవలెను.

పండ్లన్నియు పోయిన పెద్దల సంగతితో ఈ ప్రసంగము ముగియును. వయస్సు మీరిన పిదప కట్టుడుపండ్లేల, కాటికి కాళ్లు చాచినవారికి సోకులేల యని ఇంట ఎవరైనను అన్నచో ఆ మాట నమ్మరాదు. నమలలేనివారు గంజికి, మెత్తని అన్నమునకు దిగుదురు, కూరగాయలు, పప్పులు మానుదురు, బలము తగ్గును. కట్టుడుపండ్లు కుదురుటకు కొన్ని వారములు పట్టును. మొదట మాట తడబడును, చిగుళ్లు ఒరయును. వైద్యుని యొద్దకు రెండుమూడుసార్లు పోయి సరిచేయించుకొనవలెను గాని, పెట్టెలో పెట్టి మూయరాదు. రాత్రి వానిని తీసి, బ్రష్షుతో తోమి, నీరుపోసిన గిన్నెలో నుంచి, చిగుళ్లకు విశ్రాంతి నీయవలెను. ఉదయము పెట్టుకొని, కొత్తలో ఒంటరిగా గట్టిగా చదువుట మంచి సాధన. దంత్యాక్షరములు తిరిగి నోటికి వచ్చువరకు చదువవలెను. అందుకు కావలసిన పుస్తకములు ఈ గ్రంథాలయపు బీరువాలలో కలవు.